పోస్ట్‌డాక్ కోసం వెతికినప్పుడు

బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ ముగింపుకొచ్చేసరికి అందరిలాగే నేనూ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఒక ల్యాబ్‌లో కొన్నేళ్ళు చేసే పరిశోధన ఉద్యోగం) ప్రకటనలు చూస్తూ కూర్చున్నాను. చివరికి అవకాశం దొరికింది మాత్రం ప్రకటనే లేని ల్యాబ్‌లో. గుండె కణాలను హైడ్రోజెల్‌లో (నీటిని పట్టి ఉంచే మెత్తటి జెల్) పెంచుతూ, జెల్ గట్టిపడే కొద్దీ కణాల కొట్టుకునే తీరు ఎలా మారుతుందో చూపిన వాళ్ళ గ్రాఫ్ ఒకటి నన్ను పట్టేసింది. దాని మీద నా సందేహం, అది తీర్చడానికి నేను చేయగలిగిన కొలత రాసి మెయిల్ పెట్టాను. మాట్లాడదాం అన్నారు.

ఇంటర్వ్యూలో నాకు ఎక్కువ పనికొచ్చింది అక్కడ పోస్ట్‌డాక్ చేస్తున్న ఆవిడతో మాటలే. "వెళ్ళేటప్పుడు మన ప్రాజెక్టును వెంట తీసుకెళ్ళనిస్తారా అండీ?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, తనకు ముందు పనిచేసినవాళ్ళు ఎవరెవరు ఏ పని పట్టుకెళ్ళారో వివరంగా చెప్పారు. నా టెన్షన్ సగం అక్కడే తీరిపోయింది. సొంత ల్యాబ్ పెట్టాలనుకునేవాళ్ళు జీతం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనని నా గట్టి నమ్మకం.

ఫెలోషిప్‌ల గడువులు మాత్రం చేరకముందే చూసుకోండి. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ వారి కే99/ఆర్00కి (పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కి మారేవాళ్ళకిచ్చే గ్రాంట్) అప్లై చేసేనాటికి పోస్ట్‌డాక్ అనుభవం 4 ఏళ్ళు దాటకూడదు. ఇంజినీరింగ్, ఫిజిక్స్ నుంచి జీవశాస్త్రంలోకి వచ్చేవాళ్ళ కోసం హెచ్‌ఎఫ్‌ఎస్‌పీ (జీవశాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే అంతర్జాతీయ సంస్థ హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్) ప్రత్యేకంగా క్రాస్ డిసిప్లినరీ ఫెలోషిప్ ఇస్తుంది. మన ఇంజినీర్లలో దీనికి అప్లై చేసేవాళ్ళు ఇంకా పెరగాలి. ఇప్పుడు వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ చేయండి, మీ ప్రపోజల్ తప్పకుండా చదివి పెడతాను.