పాము పుట్టిన తేదీ

మా అన్నయ్య కొడుకు అమెరికాలో పాముల్ని పెంచి అమ్ముతాడని బంధువుల్లో ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. ఏం చేస్తున్నాడని అడిగితే సాఫ్ట్‌వేర్ అనేవాళ్లం. అది నిజమే, జీతం అందులోంచే వస్తుంది. కానీ వాడి ప్రాణమంతా డల్లాస్ దగ్గర వాడి ఇంట్లో ఒక గదిలో, అరల్లో వరసగా పెట్టిన ముప్పై ప్లాస్టిక్ పెట్టెల్లో ఉంటుంది. ఒక్కో పెట్టెలో ఒక్కో బాల్ పైథాన్, అంటే విషం లేని చిన్న జాతి కొండచిలువ.

జూన్‌లో చెల్లెలి పెళ్లికి నెల్లూరు వచ్చాడు. పెళ్లి హడావుడి తగ్గాక ఒక రోజు నా దగ్గరికి వచ్చి, "అత్తా, నన్ను మద్రాసు తీసుకెళ్తావా? గిండీ పాముల పార్కు చూడాలి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు, అదే ఈసీఆర్ మీద ఇరుళర్లనే తెగవాళ్లు పాముల విషం తీసే చోటు ఉందట, అది ఇంకా ముఖ్యం" అన్నాడు. నేను హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు జీవశాస్త్రం చెప్పాను. పాము గుండెకి ఎన్ని గదులో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చూపించాను. అయినా ఇంట్లో వాడి పాముల ఊసెత్తితే మాట మార్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి మనసులో ముల్లులా ఉండింది. సరే పద అన్నాను.

గూడూరు దాటాక ఫోన్ తీసి ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. పెంచినవాళ్లు పాముల్ని తెచ్చి అమ్మే షో అది. ఒక పెద్ద హాలు, వరసగా బల్లలు. బల్లల మీద పెరుగు డబ్బాల్లాంటి గుండ్రటి పారదర్శకమైన డబ్బాలు, మూతలకి గాలి కోసం చిల్లులు. ప్రతి డబ్బాలో తడి టిష్యూ కాగితం మీద చుట్ట చుట్టుకున్న పాముపిల్ల. ఎదురు సీట్లో కూర్చున్నావిడ ఒకసారి తొంగి చూసి కాళ్లు పైకి పెట్టుకుంది. వాడు గమనించి ఫోన్ నావైపు తిప్పుకున్నాడు.

"ఇదిగో, ఈ చీటీ చదువు అత్తా."

డబ్బా మూత మీద చిన్న చీటీ. పుట్టిన తేదీ, ఆడో మగో, బరువు ఎన్ని గ్రాములు, ఎన్నిసార్లు తిన్నది, తల్లీతండ్రుల రకం. మా వీధిలో ఎన్ని ఇళ్లలో పిల్లలకి పుట్టిన తేదీ సర్టిఫికెట్ సరిగ్గా ఉందో చెప్పలేను. ఈ పాముపిల్లకి ఉంది.

షో అంటే ఒక్క రోజు పని అనుకున్నాను. దాని వెనక ఏడాది పని ఉంది. తల్లి గుడ్లు పెట్టగానే వాటిని తీసి ఇంక్యుబేటర్‌లో పెడతాడు. 31, 32 డిగ్రీల వేడి, గాలిలో బాగా తేమ. సుమారు రెండు నెలలకి పిల్ల ముట్టె మీదున్న చిన్న పంటితో గుడ్డు తోలుకి గాటు పెడుతుంది. గాటు పెట్టినా వెంటనే బయటికి రాదు. పచ్చసొనలో మిగిలింది ఒంట్లోకి ఇంకేదాకా తల మాత్రం బయటపెట్టి ఒక రోజో, రెండు రోజులో అందులోనే ఉంటుంది. బయటికి వచ్చిన వారం పది రోజులకి మొదటి కుబుసం విడుస్తుంది. ఆ తర్వాతే మొదటి మేత. వరసగా అయిదుసార్లు తిన్నాకే ఆ పిల్లని వాడు షోకి తీసుకెళ్తాడు. షోకి నాలుగు రోజుల ముందు మేత ఆపేస్తాడు, లేకపోతే కారు కుదుపులకి కక్కేస్తాయట.

"కొనడానికి వచ్చినవాళ్లకి ముందు శానిటైజర్ ఇస్తాను. పక్క బల్ల మీది పాముని ముట్టుకుని ఉంటారు కదా, దాని పురుగులు మనవాటికి పడితే అంతే. తర్వాత నేనే ప్రశ్నలు అడుగుతాను. పెట్టె ఎంత పెద్దది, వేడి ఎలా ఇస్తావు, దాక్కోవడానికి చోటుందా, మేతేం పెడతావు? ఇది ముప్పై ఏళ్లు బతకగలదు, అన్నాళ్లు చూసుకుంటావా? జవాబు నచ్చకపోతే అమ్మను."

"అమ్మకుండా వెనక్కి తెచ్చేస్తావా?"

"తెస్తాను. తెచ్చినా వెంటనే పాత గదిలో పెట్టను, నెలకి పైగా వేరే గదిలో ఉంచుతాను."

రకాల గురించి మాట్లాడుతుంటే నాకు క్లాసులో మెండెల్ బఠానీలు చెప్పిన రోజులు గుర్తొచ్చాయి. పైబాల్డ్ అని ఒక రకం ఉంది, ఒంటి మీద అక్కడక్కడ తెల్లటి పట్టీలు. ఆ లక్షణం అంతర్గతం. పైకి మామూలుగా కనిపించే తల్లీతండ్రులిద్దరిలోనూ అది దాగి ఉంటే నాలుగో వంతు పిల్లల్లో బయటపడుతుంది. 1997లో మొదటిసారి పెంపకంలో పుట్టినప్పుడు దాని ధర వేల డాలర్లు. ఇప్పుడు చాలామంది పెంచుతున్నారు కాబట్టి ధర ఎన్నో రెట్లు పడిపోయింది. స్పైడర్ అని ఇంకో రకం ఉంది. చూడ్డానికి సాలెగూడు వేసినట్టు అందంగా ఉంటుంది. కానీ ఆ జన్యువుతోపాటే నరాల లోపం వస్తుంది. తల ఊగుతుంది, కొన్ని వెల్లకిలా తిరిగిపోతాయి. మా వాడు దాన్ని పెంచడు. "అందం కోసం దాన్ని అట్లా పుట్టించడం తప్పు అత్తా" అన్నాడు. ఆ మాటకి వాడి చెయ్యి పట్టుకున్నాను.

సూళ్లూరుపేట దగ్గర వాడి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. డల్లాస్‌లో స్నేహితుడు వాడి పాములకి కాపలా. ఇంక్యుబేటర్‌లో ఆరు గుడ్లు, ఆ రోజుకి యాభై ఆరో రోజు. ఇంకా కదలిక లేదు.

"పాము తన గుడ్లు తానే తింటుందంటారు, నిజమేనా?" అని ఎదురు సీటావిడ అడిగింది. అప్పటిదాకా అంతా వింటూనే ఉందన్నమాట. నేనూ చిన్నప్పుడు అదే విన్నాను. మా వాడు ఓపిగ్గా చెప్పాడు. తీయకుండా వదిలేస్తే బాల్ పైథాన్ తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని ఆ రెండు నెలలూ అక్కడే ఉంటుంది, తిండి కూడా ముట్టదు. ఆవిడ "అయ్యో తల్లీ" అంది, చటుక్కున.

చెన్నైలో మా చిన్నాన్న కూతురిది వేళచ్చేరి. రాత్రి భోజనాలయ్యాక పక్క ఫ్లాట్ కుర్రాడు వచ్చాడు, తెలుగువాళ్లే, ఒంగోలు వైపు. మా వాడి సంగతి ఎలా తెలిసిందో, "అన్నా, మళ్లీ వచ్చేటప్పుడు రెండు పిల్లలు తెచ్చిపెట్టు. సాక్సులో చుట్టి పెట్టెలో వేస్తే స్కానింగ్‌లో తెలియదట" అన్నాడు.

అంతవరకు మెత్తగా మాట్లాడుతున్న మా వాడి ముఖం మారిపోయింది. "సాక్సులో చుడితే గాలెక్కడిది తమ్ముడూ? ఎన్ని గంటలు?" అన్నాడు. తర్వాత కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు దొరికాయి. వాటితో పాటు ఉన్న ఆరు కాపుచిన్ కోతులు చచ్చిపోయి ఉన్నాయి. చెన్నై విమానాశ్రయంలోనూ ఇలాంటివి చాలాసార్లు పట్టుకున్నారు. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశీ జాతుల విషయంలో చట్టాన్ని 2022లో సవరించారు, 2024లో నిబంధనలు వచ్చాయి. ఇలాంటి జంతువు దగ్గరున్నవాళ్లు దాన్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. అంటే మన దగ్గరా పుట్టిన చోటు, చేతులు మారిన సంగతి కాగితం మీద ఉండాలని అడుగుతున్నారు.

కుర్రాడు వెళ్లిపోయాక నేను చాలాసేపు నిద్రపోలేదు. ఇన్నాళ్లూ నన్ను బాధపెట్టింది పాముల్ని అమ్మడం అనుకున్నాను. కాదని ఆ రాత్రి తెలిసింది. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియని జీవిని చీకట్లో చేతులు మార్చడం వేరు. పుట్టిన రోజు రాసుకుని, తిన్న ప్రతి మేతా లెక్క పెట్టుకుని, కొనేవాణ్ణి పరీక్షించి ఇవ్వడం వేరు. ఈ తేడా తెలుసుకోకుండానే వాడి గురించి మాట్లాడడానికి సిగ్గుపడ్డాను.

మర్నాడు గిండీ. ఈ పార్కుని 1972లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ మొదలుపెట్టారు. పక్కనే గిండీ జాతీయ వనం, చెట్ల నీడ, బయట సర్దార్ పటేల్ రోడ్డు ట్రాఫిక్ హోరు. బడిపిల్లలు గుంపులు గుంపులుగా అద్దాలకి ముక్కులు ఆనించి చూస్తున్నారు. మా వాడు కొండచిలువ దగ్గర ఆగినవాడు అరగంట కదల్లేదు.

"కళ్లు చూడత్తా."

కళ్లు పాలు కలిపిన నీలంలా మసకగా ఉన్నాయి. కుబుసం విడవబోతోందన్నమాట. పాముకి రెప్పలుండవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసంతోపాటు అదీ ఊడి వస్తుంది. పై పెదవి అంచున వరసగా చిన్న గుంటలున్నాయి, చీకట్లో ఎలుక ఒంటి వేడిని పసిగట్టేది వాటితోనే. మన కొండచిలువ తల్లి గుడ్లు పొదిగేటప్పుడు కండరాల్ని అదురుస్తూ ఒళ్లు వేడెక్కించుకుంటుందని నేను పాఠంలో చెప్పాను. అద్దం అవతల రెండు అడుగుల దూరంలో ఆ ఒళ్లు ఊపిరికి మెల్లగా ఉబ్బి దిగడం చూస్తూ ఉంటే, నేను చెప్పిన పాఠం నాకే కొత్తగా అనిపించింది.

మూడో రోజు కారు మాట్లాడుకుని ఈసీఆర్ పట్టాం. ముట్టుకాడు నీళ్లు దాటాక ఉప్పు గాలి. వడనెమ్మేలి దగ్గర మొసళ్ల బ్యాంకు, 1976లో విటేకర్ దంపతులు మొదలుపెట్టింది. మొసళ్లు ఎండకి నోళ్లు తెరుచుకుని దుంగల్లా పడి ఉన్నాయి. మా ధ్యాస వాటి మీద లేదు.

ఆ ఆవరణలోనే ఇరుళర్ల సహకార సంఘం. 1978లో పెట్టుకున్నారు. అంతకుముందు వాళ్లు పాముల్ని పట్టేది తోళ్ల వ్యాపారులకి. 1972 చట్టం, 1976లో పాము తోళ్ల ఎగుమతి నిషేధం వచ్చాక బతుకుతెరువు పోయింది. అదే విద్యతో పాముని చంపకుండా విషం తీసి అమ్మే దారి అలా వచ్చింది. 2023లో ఈ ఇరుళర్లలోంచి వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి పద్మశ్రీ ఇచ్చారు.

పల్లంలో ఇసక పరిచిన చోటు, చుట్టూ కుండలు. ప్రతి కుండలో సగం దాకా ఇసక, మూతికి గుడ్డ కట్టి ఉంది. ఒకాయన, యాభై పైబడిన మనిషి, కొక్కెం కర్రతో రక్తపింజరిని బయటికి తీశాడు. కుక్కర్ విజిల్ వేసే ముందు వచ్చే చప్పుడులాంటి బుస. ఆయన ఒక్క క్షణం కూడా తొందరపడలేదు. తోకని మెల్లగా పట్టి, కర్రతో తలని నొక్కి, రెండు వేళ్ల మధ్య తీసుకుని, పల్చటి పొర బిగించిన గాజు పాత్ర అంచుకి ఆనించాడు. కోరలు పొరలో దిగాయి. గాజు లోపలి గోడ మీద పసుపుపచ్చ చుక్క ఒకటి జారింది, వెనకే ఇంకోటి. అంతే. పాము మళ్లీ కుండలోకి.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఈ నాలుగింటి విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంలోంచి విరుగుడు మందు తయారుచేస్తారు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. అందులో ఒకరి పేరు నాకు తెలుసు. నా తొమ్మిదో తరగతి పిల్ల తండ్రి. కోతల రోజుల్లో కింద పడుకుంటే కట్లపాము కరిచింది. వాపు లేదు, నొప్పి లేదు. మంత్రం వేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి ఆగింది. ఆ చుక్క గాజు మీద జారుతుంటే నాకు ఆ పిల్ల కూర్చునే బెంచీ కనిపించింది.

మా వాడు తన అరకొర తమిళంతో పెద్దాయన్ని అడిగాడు, విషం తీసిన పాముని ఏం చేస్తారని. వారానికి ఒకసారి చొప్పున నాలుగుసార్లు తీస్తారు, తర్వాత అడవిలో వదిలేస్తారు. మళ్లీ అదే పాము దొరికితే? పాముని తిప్పి చూపించాడు. పొట్ట కింది పొలుసుల్లో ఒకచోట చిన్న కత్తిరింపు. "ఈ గుర్తుంటే ముట్టుకోం" అన్నాడు.

మా వాడు ఆ పొట్ట పొలుసుల వంక కళ్లార్పకుండా చూశాడు. "ఇది వీళ్ల చీటీ అత్తా" అన్నాడు.

నాకు మా నాన్న పొలంలోకి వచ్చే యానాది తాత గుర్తొచ్చాడు. ఎలుక బొరియ మీద చెయ్యి పెట్టి లోపల ఎలుకుందో పాముందో చెప్పేవాడు. ఎలుకలు దాచిన వడ్లు తవ్వి తీసుకుని, పాముంటే పట్టి చెరువు గట్టు అవతల వదిలేసేవాడు. ఆ విద్యకి మా ఊళ్లో ఎవరూ పేరు కూడా పెట్టలేదు. పెద్దాయనకి నాకొచ్చిన తమిళంలో ఆ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "వాళ్లూ మేమూ ఒకటే పని చేసేవాళ్లం" అన్నాడు.

తిరుగు రైలు తడ దాటుతుండగా ఫోన్ మోగింది. ఈసారి ఫొటో. తెల్లటి తోలు గుడ్లు అయిదింటికి సన్నటి గాట్లు, ఒకదాంట్లోంచి వేలి గోరంత ముట్టె బయటికి. ఆరో గుడ్డు అలాగే ఉంది. దాన్ని కత్తెరతో కోసి చూడమంటావా అని అడుగుతున్నాడు స్నేహితుడు.

"ఏం చెప్తావు?" అన్నాను.

వాడు టైప్ చేస్తూనే, "వద్దు. ఇంకో రెండు రోజులు ఆగమని చెప్తున్నా" అన్నాడు. ఆ ఫొటో నాకు పంపమన్నాను. ఇంటికెళ్లి మా అన్నయ్యకి చూపించాలి.