హూంకరించని మంట కోసం

పారిశ్రామిక బర్నరు చేసే చప్పుడు రెండు రకాలు. గ్యాసు, గాలి వేగంగా కలిసి మండేటప్పుడు పుట్టే హోరు మొదటిది. వేగం తగ్గితే అదీ తగ్గుతుంది. రెండోది ఒకే స్వరంలో సాగే హూంకారం. బర్నర్లను తయారుచేసి పరీక్షించే మా పని చాలా వరకు దీనితోనే. పీడనం పెరిగిన క్షణంలోనే మంట కూడా ఎక్కువ వేడిని విడుదల చేస్తే ఆ కంపనం బలపడుతుందని 1878లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించారు. ఆ క్షణాలు కలవడమనేది బర్నరుతో పాటు ఫర్నేసు పొడవు, పొగగొట్టం, గ్యాసు పైపుల మీద కూడా ఆధారపడుతుంది కనుక, మా పరీక్షశాలలో నిశ్శబ్దంగా మండిన బర్నరే కొన్నవారి ఫర్నేసులో గోడలు అదిరేలా మోగవచ్చు.

జర్మనీలో నేను పనిచేసే చోట "చప్పుడు తగ్గినట్టుంది" అనే మాటకు విలువ లేదు. పీడన సెన్సరు గీసిన రేఖలో ఆ స్వరం ఎన్ని హెర్ట్జ్‌ల (సెకనుకు ఎన్ని కంపనాల) దగ్గర నిలిచిందో ముందు చూస్తారు. ఆ తరువాతే గాలిని సుడి తిప్పే రెక్కలను కాస్త వెనక్కి జరిపి, మంట మొదలు ఎక్కడ కూర్చున్నదో అద్దపు కన్నంలోంచి పరిశీలిస్తారు. నాకు అన్నిటికంటే నచ్చినది, పరీక్ష ఆపమని టెక్నీషియన్ అంటే ఇంజనీర్లందరూ ఆగిపోవడం.

ఇప్పుడు అక్కడ అందరి ఆలోచనా సహజవాయువులో హైడ్రోజన్ కలపడం గురించే. గాలితో కలిసిన మీథేన్‌లో మంట సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో పాకితే, హైడ్రోజన్‌లో అది రెండు మీటర్లు దాటుతుంది. దానితో మంట బర్నరు మూతికి దగ్గరగా జరుగుతుంది, ఒక్కోసారి లోపలికే దూరుతుంది, వేడి వెలువడే క్షణం మారి పాత హూంకారం కొత్త స్వరంలో తిరిగి వస్తుంది.

ఈసారి సెలవులో గాజువాకలో మా మేనమామకు ఇదంతా కొత్త సమస్యగా వివరించాను. ఆయన విశాఖ ఉక్కు కర్మాగారంలో, రోలింగ్‌కు ముందు ఉక్కు దిమ్మెలను వేడి చేసే ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. "మేం కాల్చిందీ అదేగా! కోక్ ఓవెన్ గ్యాసులో సగానికి పైగా హైడ్రోజనేరా" అన్నారు. బొగ్గును కోక్‌గా మార్చే ఓవెన్ల నుంచి వచ్చే ఆ గ్యాసులో, ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే, దాదాపు సగం నైట్రోజనే ఉండే గ్యాసును కలిపి వారు మండించేవారు. పాళ్లు మారితే కంట్రోల్ రూమ్ నుంచి ఫోను రాకముందే మంట చెప్పేదట: కోక్ ఓవెన్ గ్యాసు పెరిగితే మంట పొట్టిదై మూతికి అతుక్కునేది, బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసు పెరిగితే పొడవై బలహీనపడేది.

"ఫుల్ లోడులో భయం లేదురా. మిల్లు ఆగి లోడు తగ్గించినప్పుడే మూతి అంచులు కాలిపోయేవి" అని ఆయన కాగితం మీద గీసి చూపించారు. లోడు, అంటే మండించే గ్యాసు పరిమాణం, తగ్గితే వేగం పడిపోయిన గ్యాసు మంటను దూరంగా నెట్టలేకపోతుంది. హైడ్రోజన్ మిశ్రమంతో జరపబోయే పరీక్షలను పూర్తి లోడుతో కాక కనిష్ఠ లోడుతోనే మొదలుపెడదామని ఆ రాత్రే మా బృందానికి రాసి, ఆ బొమ్మను కూడా జతచేశాను.