గోల్ఫ్ హ్యాండిక్యాప్ మీ సగటు స్కోరు కాదు

హన్మకొండ నుంచో కరీంనగర్ నుంచో తెల్లారకముందే బయల్దేరి, హైదరాబాద్‌లో 18 హోల్స్ ఆడి వచ్చేవాళ్లకు నెలకు రెండు రౌండ్లు దొరికితే గొప్ప. అందుకే ఆడిన ప్రతి స్కోరు కార్డూ హ్యాండిక్యాప్ లెక్కలోకి సరిగ్గా ఎక్కాలి.

హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకుల (బంతిని కొట్టే దెబ్బల) లెక్క. అది సగటు స్కోరేనన్న అపోహను ముందు వదిలించుకోవాలి. 2020లో అమల్లోకి వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో చివరి 20 రౌండ్లలోంచి మేలైన 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. మిగతా 12 పక్కకు పోతాయి. ఆ సగటే మీ ఇండెక్స్. కాబట్టి అది మీరు మంచిగా ఆడిన రోజు సత్తాకు కొలత. ఆ స్థాయి ఆట నాలుగైదు రౌండ్లకోసారి వస్తే మీ ఇండెక్స్ సరిగ్గానే ఉన్నట్టు.

సగటు కట్టేది నేరుగా స్కోర్లకు కాదు, డిఫరెన్షియల్స్‌కు, అంటే కోర్సు కష్టాన్ని బట్టి సవరించిన అంకెలకు. స్కోరులోంచి కోర్స్ రేటింగ్ (ఆ కోర్సులో ఆరితేరిన ఆటగాడు చేసే స్కోరు అంచనా) తీసేసి, 113తో గుణించి, స్లోప్ రేటింగ్‌తో భాగించాలి. స్కోరు 95, రేటింగ్ 71.2, స్లోప్ 128 అనుకోండి: 23.8ని 113తో గుణించి 128తో భాగిస్తే 21.0. స్లోప్ అంటే పద్మాక్షి గుట్ట లాంటి ఎత్తుపల్లం కాదు. ఆరితేరిన ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఎంత ఎక్కువ కష్టమో చెప్పే అంకె. 55 నుంచి 155 దాకా ఉంటుంది.

ఎక్కువగా తప్పు జరిగేది ఆ 95 దగ్గరే. ఒక హోల్‌లో బంతి రెండుసార్లు నీళ్లలో పడి 10 కొట్టారనుకోండి, హ్యాండిక్యాప్ కార్డులో 10 వేయకూడదు. పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకులు), దానికి 2, ఆ హోల్‌లో మీకొచ్చే అదనపు స్ట్రోకులు: ఈ మూడూ కలిపితే వచ్చేదే గరిష్ఠం. పార్ 4లో ఒక స్ట్రోక్ వస్తే 7 వేయాలి. ఈ కోత మరిస్తే ఇండెక్స్ ఉత్తపుణ్యానికి ఉబ్బుతుంది, పోటీలో పక్కవాడికి అన్యాయం జరుగుతుంది.

ఇండెక్స్‌ను అలాగే పట్టుకెళ్లి ఆడకూడదు. ఆ రోజు ఆడే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) స్లోప్‌తో గుణించి, 113తో భాగించి, రేటింగ్‌లోంచి కోర్సు మొత్తం పార్ తీసేస్తే వచ్చే తేడా కలపాలి. ఇండెక్స్ 18.4, పార్ 72 అయితే, పై కోర్సులో 20.8లోంచి 0.8 పోయి 20 వస్తుంది; ఆ రోజు మీకొచ్చే అదనపు స్ట్రోకులు ఇవే. హోల్‌కొకటి చొప్పున 18, మిగిలిన రెండూ స్ట్రోక్ ఇండెక్స్ (అదనపు స్ట్రోకులు ఏ హోల్‌కు ముందు ఇవ్వాలో చెప్పే వరుస) 1, 2 హోల్స్‌లో. వేరే టీ నుంచి ఆడితే రేటింగ్, స్లోప్ రెండూ మారతాయి; పాత అంకె పనికిరాదు.

కొత్తవాళ్లు 20 కార్డుల దాకా ఆగక్కర్లేదు. మూడు 18 హోల్స్ కార్డులు చాలు: అందులో తక్కువ డిఫరెన్షియల్‌లోంచి 2 తీసేస్తే మొదటి ఇండెక్స్. గరిష్ఠం 54.0.

కార్డు మాత్రం అదే రోజు ఇవ్వండి. వాన, గాలి వల్ల ఆ రోజు కోర్సు ఎలా ఆడిందో చూసి చేసే సవరణ ఆ రోజు అందిన స్కోర్ల మీదే కడతారు. వరంగల్ చేరాక రేపు ఎక్కిద్దాంలే అనుకుంటే మీ స్కోరు ఆ లెక్కలో ఉండదు.