ఇల్లు మారాలంటే తిథి చూడాల్సిందే

కొరియాలో అంకెల నమ్మకాలనగానే అందరూ నాలుగుతోనే మొదలుపెడతారు. దాన్ని 'స' అంటారు, చావుకీ అదే పలుకు. సువొన్ నగరంలోని మా ఆఫీసు లిఫ్టులో 3 పక్కన 4 బదులు 'ఎఫ్' బొత్తం ఉండేది అందుకే.

నన్ను నిజంగా కట్టిపడేసింది మాత్రం 'సొన్ ఒమ్‌నున్ నాల్', అంటే సొన్ లేని రోజు. సొన్ అనేది మనుషుల పనులకు అడ్డుపడే చెడ్డ శక్తి. చాంద్రమాన తేదీ 1, 2తో ముగిస్తే తూర్పున ఉంటుందట. 3, 4 అయితే దక్షిణం, 5, 6 పడమర, 7, 8 ఉత్తరం. 9, 0తో ముగిసే రోజుల్లో ఆకాశానికి వెళ్లిపోతుంది. మన వారశూలలాగే దిక్కు చూసుకోవడమన్నమాట! ఇల్లు మారేవాళ్లంతా ఆ రోజులకే ఎగబడతారు, సామాను తరలించేవాళ్లు రేటు పెంచేస్తారు. మేం మారినప్పుడు పక్కింటి హల్మొని (అవ్వగారు) తేదీ చూసిపెట్టి, కొత్తింట్లోకి ముందు రైస్ కుక్కర్ తీసుకెళ్లమన్నారు. ఆవిడ మాట కాదనబుద్ధి కాలేదు. అంత శ్రద్ధగా మన మంచి కోరేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

వయసు చివర తొమ్మిది వస్తే 'అహొప్సు' (కలిసిరాని తొమ్మిది) అని, 29లో పెళ్లి వద్దనే పెద్దలు ఇంకా ఉన్నారు.

పెళ్లి కవరులో డబ్బు పదివేల చొప్పున లెక్కిస్తే బేసి రావాలి: 30 వేల వొన్లు, 50 వేలు, 70 వేలు. లక్ష అంటే పది, సరిసంఖ్యే అయినా ఫరవాలేదు. 40 వేలు మాత్రం పెట్టకండి.