మా అమ్మ పూతరేకులకు వెబ్‌సైట్ రెండుసార్లు కట్టుకున్నాం

2023 డిసెంబరు చివరి వారం. సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యే రోజులు. కూకట్‌పల్లి నుంచి మా పాత కస్టమర్ ఒకావిడ అమ్మకు ఫోన్ చేసి, "మీ వెబ్‌సైట్ రావట్లేదేంటండీ?" అని అడిగారు. తెరిచి చూస్తే నిజమే. మా పేజీ ఉండాల్సిన చోట డొమైన్ (సైట్ చిరునామా పేరు) గడువు ముగిసిందన్న నోటీసు ఉంది. సైట్ చేసిపెట్టిన అబ్బాయికి ఆ రోజు ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. ఎత్తలేదు. మర్నాడు ఆ నంబరే పనిచేయలేదు.

మాది ఆత్రేయపురం పక్క ఊరు. అమ్మ పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ రేకులు వేస్తోంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతుంది. క్షణంలో రేకు లేస్తుంది. పిన్నీ, ఇంకో ఇద్దరూ నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి చుడతారు. ఏళ్ళ తరబడి మా సరుకు రావులపాలెం దుకాణాలకు వెళ్ళి, వాళ్ళ పేరు మీద అమ్ముడయ్యేది. దానికి మా అమ్మ పేరు ఉండాలన్నది నా కోరిక. 2022లో ఆ అబ్బాయికి 18,000 రూపాయలు ఇచ్చి సైట్ పెట్టించింది అందుకే. "మీరేం టెన్షన్ పడకండక్కా, అన్నీ నేను చూసుకుంటాను" అన్నాడు. అన్నీ అతనే చూసుకున్నాడు. డొమైన్ అతని మెయిల్ మీద కొన్నాడు, సైట్ ఫైళ్ళు ఉండే హోస్టింగ్ అతని అకౌంట్‌లో పెట్టాడు. గూగుల్ మ్యాప్స్‌లో మా బిజినెస్ ప్రొఫైల్‌కు యజమాని కూడా అతనే. డబ్బు మాది, పేరు మాది, లాగిన్ ఒక్కటి కూడా మాది కాదు.

డొమైన్‌ను మన చేతికి తెచ్చుకోవాలంటే అది ఏ అకౌంట్‌లో ఉందో ఆ అకౌంట్ నుంచే బదిలీ కోడ్ రావాలి. ఆ మనిషే దొరక్కపోతే కోడ్ ఎక్కడి నుంచి వస్తుంది? నా దగ్గర ఉన్నది ఫోన్‌పే రసీదు మాత్రమే. డొమైన్ అమ్మిన కంపెనీకి, అంటే రిజిస్ట్రార్‌కు, మెయిల్ రాస్తే, అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్ళతోనే మాట్లాడతామని మర్యాదగా జవాబిచ్చారు. వాళ్ళ తప్పు కూడా కాదది.

ఆ పండగను గట్టెక్కించింది అమ్మ నోట్‌బుక్. ఎవరు ఆర్డర్ ఇచ్చినా పేరు, ఊరు, ఫోన్ నంబరు, పంచదారవా బెల్లంవా అని రాసి పెట్టుకునే అలవాటు ఆవిడకుంది. సైట్ ఉండగా ఆ పుస్తకం ఎందుకని నేనే ఒకసారి అన్నాను. అందులో మూడు వందల పైచిలుకు నంబర్లున్నాయి. రెండు రాత్రులు కూర్చుని వాటిని ఫోన్‌లోకి ఎక్కించి, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టి, ఒక్కొక్కరికీ పేరుతో మెసేజ్ పంపాను. భోగికి ముందు రోజు వరకూ పార్శిళ్ళు కట్టాం.

పండగ కాగానే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అన్నిటికన్నా ముందు అమ్మ పేరు మీద కొత్త జీమెయిల్ తెరిచాను. దానికి రికవరీ నంబరు అమ్మది, రెండో నంబరు నాది. డొమైన్ ఆ మెయిల్‌తో, అమ్మ పేరుతో కొన్నాను. పాత పేరు దొరకలేదు కాబట్టి ఊరి పేరు చివర చేర్చి చుక్క ఇన్ (.in) తీసుకున్నాను. రెన్యూవల్ తేదీని వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాశాను. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే డిజైన్ గురించి కాదు, దీని గురించే చెబుతాను. ఎవరితో చేయించుకున్నా సరే, డబ్బు ఇచ్చే ముందు డొమైన్ అకౌంట్ ఎవరి మెయిల్‌తో తెరుస్తారో అడగండి. లాగిన్ అయ్యి చూపించమనండి.

గూగుల్ ప్రొఫైల్ మాత్రం తిరిగొచ్చింది. యాజమాన్యం కోరుతూ అభ్యర్థన పెడితే, ఇప్పుడున్న యజమానికి జవాబివ్వడానికి మూడు రోజుల గడువు ఇస్తారు. అతను పలకలేదు. అప్పుడు మమ్మల్ని మేం నిరూపించుకోమని వీడియో అడిగారు. ఎక్కడా కత్తిరించకుండా ఒకే వీడియోలో వీధి, బోర్డు, లోపల పని జరుగుతున్న చోటు చూపించాలి. మా ఇంటికి బోర్డే లేదు! రావులపాలెంలో పెయింటర్‌తో రాయించి గేటుకు తగిలించాక తీశాం. వీధి చివరి నుంచి నడుచుకుంటూ వచ్చి, బోర్డు చూపించి, పొయ్యి దగ్గర అమ్మ రేకు లాగుతుండగా ఆపాను. పాత రివ్యూలన్నీ అలాగే ఉన్నాయి. వాటిని చూసి అమ్మ కళ్ళు తుడుచుకుంది.

గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఒక చిన్న వెబ్‌పేజీ కూడా ఇచ్చేవారు. దానితో సరిపెట్టుకుందామా అని ఆలోచించాను. సరిగ్గా అప్పుడే, ఆ పేజీలన్నీ 2024 మార్చిలో మూసేస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. ఇక ఆ ఆలోచన వదిలేశాను.

తర్వాత కాగితాలు. ఆహారం అమ్మాలంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. అప్పటి నిబంధన ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న మాలాంటి వాళ్ళకు ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఆ సంస్థ ఫోస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు నేనే పెట్టాను. వచ్చిన 14 అంకెల నంబరును డబ్బా మీద వేయాలి. దాంతో పాటు పచ్చ చుక్క గుర్తు, తయారీ తేదీ, దినుసులు, నికర బరువు, చిరునామా. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు మాత్రం డబ్బు అడుగుతాయి, చూసుకోండి.

నేను అసలు ఊహించనిది జీఎస్టీ. వస్తువులు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని విన్నాను కాబట్టి ధైర్యంగా ఉన్నాను. మా ఆడిటర్ గారు ఒక్కటే అడిగారు: "మీ కస్టమర్లు ఎక్కడుంటారమ్మా?" హైదరాబాద్‌లో అన్నాను. "అది ఇప్పుడు వేరే రాష్ట్రం కదా" అన్నారు. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే, చేతిపనుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మకాలు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తక్కువ పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉంటే రాష్ట్రం దాటి అమ్మకూడదు. మా ఆర్డర్లలో ముప్పావు వంతు కూకట్‌పల్లి, మియాపూర్, ఎల్బీ నగర్‌లవే. 2014 వరకూ మాతో ఒకే రాష్ట్రంలో ఉన్న ఊళ్ళు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాం, మూడు నెలలకోసారి రిటర్న్ వేస్తున్నాం. ఆ ఖర్చు ధరలో కలపక తప్పలేదు.

సైట్ కట్టడం నిజానికి వీటన్నిటికన్నా తేలిక. సైట్ కట్టే వర్డ్‌ప్రెస్, దానికి దుకాణం జోడించే వూకామర్స్ వీడియోలు చూసి నేర్చుకుని ఇరవై రోజుల్లో చేశాను. ఫోన్‌తో తీసిన ఫోటోలు ఒక్కొక్కటి 5 ఎంబీ ఉండి పేజీ మా ఊరి సిగ్నల్‌కు కదిలేదే కాదు. వాటిని 150 కేబీ లోపుకు తగ్గించాక చకచకా తెరుచుకుంది. అన్నిటికన్నా ఎక్కువమందికి నచ్చిన ఫోటోకు ఖర్చేమీ లేదు. పొద్దున్నే కిటికీ దగ్గర అమ్మ ఒక రేకును న్యూస్‌పేపర్ మీద పట్టుకుంది. రేకులోంచి అక్షరాలు చదవొచ్చు. సైట్‌లో ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే వాళ్ళు మొదటిసారి మా దరఖాస్తు తిప్పి పంపారు. డబ్బు వాపసు విధానం, ప్రైవసీ, నిబంధనలు, చిరునామా, వీటికి విడివిడిగా పేజీలు ఉండాలట. రాసి పెట్టాక వారంలో ఆమోదించారు. మాకు ప్రతి ఆర్డర్ మీద సుమారు 2 శాతం, ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ పోతుంది.

జనం మమ్మల్ని గూగుల్‌లో ఎలా వెతుకుతున్నారో దాని సెర్చ్ కన్సోల్ అనే పనిముట్టులో చూసినప్పుడు ఆశ్చర్యపోయాను. పూతరేకులు అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా కొడుతున్నారు. కొందరు మొదట్లో ఒక యు పెడితే, కొందరు రెండు ఓలు పెడుతున్నారు. టీ పక్కన హెచ్ కొందరికి ఉంది, కొందరికి లేదు. తెలుగులో కొట్టేవాళ్ళు కూడా తక్కువేం కాదు. అవన్నీ పేజీలో సహజంగా వచ్చేలా రాశాను. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ లోగో పెట్టుకుంటే అమ్మకాలు పెరుగుతాయని చాలామంది చెప్పారు. అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా పెట్టకూడదు కాబట్టి పెట్టలేదు.

డబ్బు ఎక్కువగా పోగొట్టుకున్నది కొరియర్‌లో. మా డబ్బా ముప్పావు కిలో ఉంటే రెండు కిలోలకు బిల్లు వేసేవారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదాన్ని బరువుగా తీసుకుంటారట. దూది లాంటి పూతరేకులకు ఆ లెక్క కట్టడం ఎంత అన్యాయమో! 30, 24, 13 సెంటీమీటర్ల పాత డబ్బా మానేసి 24, 16, 10 కొలతల్లో కొత్తది చేయించాను. ఇరవై పూతరేకులు బిగుతుగా కూర్చుంటాయి, బిల్లు కిలోకు దిగింది. పైగా లోపల కదలవు కాబట్టి విరగడం కూడా తగ్గింది.

ప్రకటనల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫేస్‌బుక్ పోస్టును డబ్బు కట్టి బూస్ట్ చేస్తే 2,000 రూపాయలకు లైకులు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు. హైదరాబాద్‌లో నాలుగు ప్రాంతాలకే పరిమితం చేసి, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే ప్రకటన పెట్టినప్పుడు అడిగేవాళ్ళు వచ్చారు. అయినా ఇప్పటికీ మాకు ఎక్కువ ఆర్డర్లు వచ్చేది తిన్నవాళ్ళు తమ బంధువులకు పంపే లింకుల నుంచే. వంద రివ్యూలు రాయిస్తామని ఒకరు ఫోన్ చేశారు. అమ్మ ఫోన్ లాక్కుని, "తినని వాళ్ళు రుచి ఎలా చెబుతారు బాబూ?" అని అడిగి పెట్టేసింది.

పోయిన వానాకాలంలో అమ్మ నన్నొకటి అడిగింది. ముసురు పట్టినప్పుడు రేకు మెత్తబడుతుంది, ఆకు సరిగా మండదు. అలాంటి రోజు ఆర్డర్ తీసుకుని ఆలస్యం చేయడం ఆవిడకు ఇష్టం లేదు. అందుకని ఫోన్‌లో ఒక మీట పెట్టాను. నొక్కితే సైట్‌లో "ఈ రోజు రేకులు వేయడం లేదు, ఎండ రాగానే మొదలుపెడతాం" అని కనిపిస్తుంది, ఆర్డర్లు ఆగుతాయి. ఇప్పుడు వర్షం వాసన తగిలితే చాలు, అమ్మ చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తన ఫోన్‌లో తన లాగిన్‌తో ఆ మీట నొక్కుతుంది.