కోనసముద్రం చెలకలో నల్లరాళ్లు

ఆర్మూరు దాటి మెట్‌పల్లి రోడ్డు మీద కమ్మర్‌పల్లి చేరేసరికే ఎండ చురుక్కుమంటోంది. అక్కడ పక్కకు తిరిగితే కోనసముద్రం. తిరగాల్సిన చోట తిరక్కుండా ముందుకుపోయి మళ్లీ వెనక్కొచ్చాం. కారు నడుపుతున్నది మా బావ. లోహాల పరిశోధనశాలలో, సన్నటి పొడులతో ఆయన పని. నేనే తనను ఇంతదూరం లాక్కొచ్చానని గొణుగుతున్నాడు గానీ, ఏడాదిగా నానో నానో (మీటరులో వందకోట్లో వంతు కొలతల సంగతి) అంటూ నన్ను ఊదరగొట్టింది తనే.

ఒక చెలక గట్టు దగ్గర కారు ఆపాం. పది అడుగులు వేశానో లేదో, చెప్పు కింద ఏదో కలుక్కుమంది. వంగి చూస్తే నల్లగా, బుడగలు బుడగలుగా, నిగనిగలాడే రాయి. ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. గొర్లు కాస్తున్న తాత ఒకాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు.

"ఏం దేవులాడుతున్నరు సార్?"

"చిట్టెపు రాళ్లు తాతా."

"గవా! నాగలి పెడితే చాలు, పైకొస్తయి. ముందటికాలంల ఈడ కొలుములు ఉండెనట."

ఉండేవి. ఇక్కడ ఉక్కు తయారైన తీరును హెన్రీ వోయ్‌సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు. ఆయన 1824లోనే చనిపోయాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఆయన వచ్చినప్పుడు ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కోసం వచ్చిన వర్తకుడు కూడా ఈ ఊళ్లోనే ఉన్నాడట. పర్షియా నుంచి ఇంతదూరం, కత్తులు కొట్టే ఉక్కు ముద్దల కోసం! మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి 'వూట్జ్' అయిందంటారు.

బావకు రాయి మీద కన్నా పక్కనే పడున్న పెంకు మీద మోజు ఎక్కువ. అరచేతిలో సగం ఉంటుంది. బయటివైపు గాజులా కరిగి గడ్డకట్టింది, విరిగిన అంచు మాత్రం బొగ్గు నలుపు. "మూస పెంకు ఇది, ఇనుము కరిగించే మట్టి పాత్రది. ఆ నలుపు మట్టిది కాదు, ఊకది" అన్నాడు. గోరుతో చూపిస్తే కనిపించాయి, వడ్లపొట్టు ఆకారంలో సన్నటి గుంటలు. మట్టిలో ఊక కలిపి మూస చేసేవారు. ఊక కాలితే అందులోని సిలికా, బొగ్గు మట్టిలోనే ఉండిపోయి, ఇనుము కరిగే వేడికీ మూస తట్టుకునేది. దక్షిణాదిలో చాలాచోట్ల లోపల ఇనప ముక్కలతోపాటు కట్టెపుల్లలూ ఆకులూ పెట్టి, మూతి మూసేసి, రాత్రింబవళ్లు తిత్తులు కొట్టేవారు. ఇనుము కార్బన్‌ను పీల్చుకుని ఉక్కయ్యేది. దక్షిణాదిలో ఈ పని చూసి రాసుకున్న యూరోపియన్లు కొందరు ఆ పుల్ల పేరూ ఆకు పేరూ కూడా చెప్పారు: తంగేడు, జిల్లేడు. గట్టు మీద తంగేడు పసుపుపచ్చగా పూసి ఉంది. దాన్ని నేను ఇన్నాళ్లూ బతుకమ్మ పువ్వుగానే చూశాను.

నానో సంగతి ఇక్కడే మొదలవుతుంది. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పీటర్ పౌఫ్లర్ బృందం ఒంటి మీద అలల గీతలుండే 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను ఆమ్లంలో కరిగించి చూసింది. మిగిలినదాంట్లో కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి ఆనని కార్బన్ గొట్టాలు, వాటి లోపల సిమెంటైట్ (ఇనుమూ కార్బన్ కలిసిన పదార్థం) తీగలు కనబడ్డాయి. జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా నానోట్యూబుల గురించి ప్రపంచానికి చెప్పింది 1991లో. ఆ కత్తి ఈ ఊరి ఉక్కుతోనే చేశారని కాదు, కానీ ఈ జాతి ఉక్కే. ఈ కథ చెప్పి మనవాళ్లకు అన్నీ తెలుసని విర్రవీగేవాళ్లంటే మా బావకు ఒళ్లుమంట. "కొలిమి ముందు కూర్చున్నాయనకు నానో తెలియదురా. ఏ ఖనిజం, ఎంత మంట, ఎంతసేపు, అది తెలుసు" అంటాడు. ఆ ఖనిజంలో పిసరంత వెనేడియం లాంటి లోహం ఉంటే తప్ప కత్తి మీద ఆ అలల గీతలు రావని అమెరికాలో జాన్ వెర్‌హోవెన్ అనే లోహ శాస్త్రవేత్త ఒక కత్తుల కమ్మరితో కలిసి చేసి చూపించాడు. అలాంటి ఖనిజం అయిపోతే, ఎంత చెయ్యి తిరిగిన కమ్మరికైనా గీతలు మాయం. కారణం తెలుసుకునే దారే లేదు పాపం.

వేపచెట్టు నీడలో కూర్చున్నాక బావ లెక్క చెప్పాడు. సెంటీమీటరు ఘనం ఒకటి తీసుకుంటే, దాని ఒంటి మీద ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే నానోమీటరు ముక్కలుగా కోస్తే అంతా కలిపి 6,000 చదరపు మీటర్లు. "అంటే ఎకరంన్నర. ఈ చెలకంత!" అంత ఒళ్లు గాలికి తగిలేసరికి బుద్ధిమంతుడైన అల్యూమినియం కూడా భగ్గుమంటుంది. అందుకే రాకెట్ ఇంధనంలో నానో అల్యూమినియం మీద అందరికీ కన్ను. 2009లో అమెరికాలో ఆ పొడినీ మంచునూ కలిపి చిన్న రాకెట్ ఎగరేశారు కూడా. గురుగ్రహానికి వెళ్లిన జూనో నౌకలో నానోట్యూబుల పొరలున్నాయి. స్థిర విద్యుత్తు పేరుకుని పరికరాలను పాడుచేయకుండా కాపాడే పని వాటిది. యుద్ధ విమానాలకూ కావాల్సింది అలాంటి తేలికైన తొడుగే.

"అంతదాకా ఎందుకు, నువ్వొచ్చింది దేనిమీద?" అంటూ టైరును కాలితో తన్నాడు. రబ్బరు సొంత రంగు నలుపు కాదు. అందులో కలిపే కార్బన్ బ్లాక్ కణాలు పదుల నానోమీటర్లే ఉంటాయి. అవి లేకపోతే టైరు ఇట్టే అరిగిపోతుంది. నానో అన్న పేరు పుట్టకముందు నుంచీ ఫ్యాక్టరీలు ఈ పని చేస్తూనే ఉన్నాయి.

"మరి మీ ల్యాబులో కష్టమేమిటి?" అన్నాను.

"ఉండలు కట్టడం. ఉప్మారవ్వలాగా. ఒక్కో కణం విడిగా ఉంటేనే దానికి విలువ, అవేమో ఒకదాన్నొకటి వాటేసుకుంటాయి. గ్రాము చేయమంటే ఎవరైనా చేస్తారు. ఇవాళ చేసిందీ ఆర్నెల్ల తర్వాత చేసిందీ ఒకేలా ఉండాలి. కవచం చేసేవాడు అదే అడుగుతాడు, టైరు చేసేవాడూ అదే అడుగుతాడు." కాసేపాగి పెంకు వైపు చూశాడు. "వీళ్లకూ ఆ గొడవే అయ్యుంటుంది. ఇస్ఫహాన్ నుంచి వచ్చినాయన ముద్ద విరగ్గొట్టి చూడకుండా తీసుకుంటాడా?"

పెంకు జేబులో వేసుకోబోతే ఒప్పుకోలేదు. ఉన్నచోటే ఉంటేనే తవ్వేవాళ్లకు పనికొస్తుందట. తిరిగొచ్చేటప్పుడు వాగు ఇసుకలో జేబులోని అయస్కాంతం పెట్టి లాగాడు. నల్ల ఇసుక రేణువులు మీసాల్లా లేచి దానికి అంటుకున్నాయి. వెనకే వచ్చిన తాత తొంగిచూసి పెదవి విరిచాడు.

"గిదేనా? మా మనుమడు స్పీకరులది ఊడబీకి దినాం గిదే ఆట."