లాంకాస్టర్ పొలాల మధ్య ఒక పూట వంట

న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్ళు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌కి పొద్దున వెళ్ళి, గుర్రబ్బండి ఎక్కి, సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంటారు. ఎడిసన్ నుంచి కారులో రెండు గంటల పైచిలుకు దూరం. మేం మాత్రం రాత్రికి అక్కడే ఉండేలా, వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యకి పొలాలంటే ప్రాణం.

340వ నంబరు రోడ్డెక్కగానే కారు నిదానించక తప్పదు. ముందు బూడిదరంగు గుర్రబ్బండి, దాని వెనక ఓపిగ్గా కార్ల వరస. అక్టోబరు కావడంతో మొక్కజొన్న కోతలు సాగుతున్నాయి. కంచరగాడిదలు లాగుతున్న బండి మీద ఓ కుర్రాడు పగ్గాలు పట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య కారు ఆపించి చాలాసేపు చూశారు. "మా నాన్న అరక కట్టిన రోజులు గుర్తొస్తున్నాయమ్మా" అన్నారు.

ఈ గుర్రబ్బండ్లు, పొలాలు ఆమిష్‌లనే క్రైస్తవ శాఖవాళ్ళవి. వాళ్ళ పూర్వీకులు మతం పేరుతో జరిగిన వేధింపులు భరించలేక 18వ శతాబ్దంలో యూరప్ నుంచి పెన్సిల్వేనియాకి వచ్చారు. ఇళ్ళలో ఇప్పటికీ మాట్లాడేది ఒక జర్మన్ యాసే. ఊరి కరెంటు లైను ఇంటికి తీసుకోరు. అలాగని కట్టెల పొయ్యి మీదే వండుతారనుకోకండి, గ్యాసుతో నడిచే ఓవెన్లు, ఫ్రిజ్‌లు ఉంటాయి. వాళ్ళని 'వెనకబడ్డవాళ్ళు' అనడం నాకు అస్సలు నచ్చదు. ఇంట్లోకి ఏది రావాలో, ఏది వద్దో అందరూ కలిసి తేల్చుకుని బతుకుతున్న మనుషులు వాళ్ళు. ఫొటోలకి నిలబడటం వాళ్ళకి ఇష్టం ఉండదు కాబట్టి మా ఫోన్లు కారులోనే ఉంచేశాం.

ఓ ఇంటి ముందు బల్ల మీద పచ్చళ్ళ సీసాలు, గుడ్లు కలిపి చేసిన వెడల్పాటి నూడుల్స్ పెట్టి అమ్ముతున్నారు. వీటితో మీరేం వండుతారని అడిగితే, తెల్ల టోపీ పెట్టుకున్న ఆ పెద్దావిడ, నూడుల్స్, మాంసం పొరలుగా పేర్చి ఓవెన్లో కాల్చే యమసెట్టి గురించి చెప్పింది. ఇంటినిండా జనం ఉన్నప్పుడు ఒక్క ట్రేతో అందరికీ సరిపోయే వంట. వాళ్ళు గొడ్డుమాంసం వేస్తారు. మేం తినమంటే, చికెన్ వేసుకున్నా బాగుంటుందంది.

ఆ సాయంత్రమే చేశాను. అరకిలోకి కాస్త తక్కువ నూడుల్స్‌ని పలుకు ఉండగానే వార్చేశాను, ఓవెన్లో అవి ఇంకా ఉడుకుతాయి కదా. అంతే చికెన్ కీమాని ఉల్లిపాయ, సెలరీ ముక్కలతో బాగా వేయించి, ఒక డబ్బా టమాటా సూప్ పోశాను. నూడుల్స్‌లో మష్రూమ్ క్రీమ్ సూప్ కలిపాను. ట్రేలో ఒక పొర నూడుల్స్, ఒక పొర కీమా, మధ్యలో తురిమిన చీజ్. అలా నింపి, పైన వెన్నలో కలిపిన బ్రెడ్ పొడి చల్లి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ముప్పావు గంట ఉంచాను. అంచులు బుడబుడలాడి, పైపొర ఎర్రబడితే అయినట్టే.

"కాస్త అల్లం వెల్లుల్లి పడితే బాగుండేదేమో అమ్మాయ్" అని అత్తయ్య అంటూనే ఉన్నారు. నేను వెయ్యలేదు. ఉప్పు, మిరియాల పొడి, అంతే. పరాయివాళ్ళ వంట మొదటిసారి తినేటప్పుడు వాళ్ళ చేతి రుచే తెలియాలి, మన మసాలాల సంగతి తర్వాత. బ్రెడ్ పొడి కరకరలాడుతుంటే, కింద నూడుల్స్ మెత్తగా, టమాటా పులుపు, ఉల్లిపాయ తీపితో కమ్మగా ఉంది. అత్తయ్య రెండోసారి వడ్డించుకున్నారు, పక్కన మాత్రం నిమ్మకాయ పచ్చడి ఉండాల్సిందే!

పొయ్యి దగ్గర నిలబడే పని మొత్తం అరగంటే. ట్రే ఓవెన్లో పెట్టాక మేమంతా పొలం గట్టున నడిచి వచ్చాం. ముందురోజే ట్రే నింపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు కూడా. అప్పుడు పావుగంట ఎక్కువ కాల్చాలి.

మీరు వెళ్తే ఆదివారం వద్దు, ఆమిష్‌ల దుకాణాలన్నీ మూసేస్తారు. లాంకాస్టర్ ఊళ్ళోని సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. 1889లో కట్టిన ఆ ఎర్ర ఇటుకల భవనంలో చీజ్, వెన్న, సెలరీ అన్నీ దొరుకుతాయి. పొద్దున్నే వెళ్ళండి.